ఫంకడెలిక్ 45ల సంకలనం: ఆల్బమ్‌లన్నీ విన్నాక ఇది కూడా కావాలా?

కొత్తచెవి
'మ్యూజిక్ ఫర్ యువర్ మదర్' అని వెస్ట్‌బౌండ్ లేబుల్ వాళ్లు 1992లో తెచ్చిన రెండు సీడీల సెట్టు గురించి అడుగుతున్నాను. అమెరికన్ ఫంక్ బ్యాండు ఫంకడెలిక్ సింగిల్స్, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు, ఏ-సైడ్, బి-సైడ్ వరుసగా ఉన్నది. పాటల పట్టీ చూస్తే సగం పైగా పేర్లు ఆల్బమ్‌లలో ఉన్నవే కనిపిస్తున్నాయి. ఆల్బమ్‌లు చేతిలో ఉన్నవాళ్లకు ఇందులో కొత్తగా దొరికేది ఏంటి? రెండో ప్రశ్న: అసలు 45 రికార్డులే కొని వినాలంటే మన దగ్గర ఉండే ప్లేయర్ల మీద ఆడతాయా?

బి_సైడ్_బాబాయి
పేర్లు అవే తమ్ముడూ, రికార్డింగులు అన్నీ అవి కావు. ముందు ఈ 45లు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతాది తేలిక.

జార్జ్ క్లింటన్‌కు న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో మంగలి షాపు ఉండేది. అక్కడ తయారైన గాత్ర బృందం 'ద పార్లమెంట్స్'. 1967లో డెట్రాయిట్‌కు చెందిన రెవిలాట్ లేబుల్ మీద 'ఐ వాన్నా టెస్టిఫై' హిట్టయింది. తర్వాత ఆ లేబుల్ మూతపడింది, బృందం పేరు హక్కుల గొడవలో ఇరుక్కుంది. పేరు వాడుకోలేని స్థితిలో క్లింటన్ వెనకాల వాయించే కుర్రాళ్లను ముందుకు తెచ్చాడు. బేస్ బిల్లీ నెల్సన్, గిటారు ఎడ్డీ హేజెల్, రెండో గిటారు టాల్ రాస్, డ్రమ్స్ టికీ ఫుల్‌వుడ్, ఆర్గాన్ మికీ ఆట్‌కిన్స్. 'ఫంకడెలిక్' అన్న పేరు పెట్టింది నెల్సనే. కాగితాల మీద బ్యాండు వాళ్లది, పాడేవాళ్లు అతిథులు. ఆ బ్యాండును ఆర్మెన్ బొలాడియన్ కొత్తగా పెట్టిన వెస్ట్‌బౌండ్‌లో చేర్చారు.

1969లో 'మ్యూజిక్ ఫర్ మై మదర్'తో మొదలైన ఈ సింగిల్స్ 1976లో 'అన్‌డిస్కో కిడ్' దాకా సాగాయి. మొదటి ఆల్బమ్ వచ్చింది 1970లో. అంటే తొలి 45లు ఆల్బమ్ నుంచి కోసిన ముక్కలు కావు, ఆల్బమ్ అన్న ఆలోచనకు ముందే మార్కెట్లోకి వెళ్లిన సరుకు.

ఇక నీ ప్రశ్న. 'కాంట్ షేక్ ఇట్ లూస్', 'యాజ్ గుడ్ యాజ్ ఐ కెన్ ఫీల్', 'ఓపెన్ అవర్ ఐస్', 'ఫిష్, చిప్స్ అండ్ స్వెట్', 'ఎ హోల్ లాట్ ఆఫ్ బీఎస్', 'వైటల్ జ్యూసెస్'. వీటిలో ఏదీ అప్పటి ఎల్పీల మీద లేదు. నా మటుకు సెట్టు కొనడానికి 'వైటల్ జ్యూసెస్' ఒక్కటి చాలు. 1974 ఆల్బమ్‌లో 'రెడ్ హాట్ మామా' చివర గిటార్లు కమ్ముకుంటూ ఉండగానే ఫేడ్ చేసేస్తారు కదా, ఆ వాయింపు తరువాయే బి-సైడ్ అయింది. రెండూ పక్కపక్కన పెట్టి విను, వంట సగంలో పొయ్యి ఆపేసినట్టు ఆల్బమ్‌లో ఎందుకు అనిపిస్తుందో తెలుస్తుంది.

తాళంచెవి
బాబాయ్ చెప్పినదానికి ఒక అభ్యంతరం. ఆ బి-సైడ్లలో చాలా భాగం 2005 ప్రాంతంలో వచ్చిన ఆల్బమ్ రీఇష్యూలలో బోనస్‌గా ఉన్నాయి. మొదటి ఆల్బమ్ సీడీలో 'కాంట్ షేక్ ఇట్ లూస్', 'యాజ్ గుడ్...', 'ఓపెన్ అవర్ ఐస్', ఇంకా 'ఐల్ బెట్ యూ', 'మ్యూజిక్ ఫర్ మై మదర్'ల 45 వెర్షన్లు. 'ఫ్రీ యువర్ మైండ్' సీడీలో 'ఫిష్, చిప్స్...', 'ఐ వాన్నా నో ఇఫ్ ఇట్స్ గుడ్ టు యూ' రెండు వైపులూ. 'మాగట్ బ్రెయిన్' సీడీలో 'ఎ హోల్ లాట్ ఆఫ్ బీఎస్'. 'స్టాండింగ్ ఆన్ ద వర్జ్' సీడీలో 'వైటల్ జ్యూసెస్'. అవి ఉన్నవాళ్లు మళ్లీ డబ్బు తగలేయాలా?

బి_సైడ్_బాబాయి
ఆ నాలుగూ ఉంటే అక్కర్లేదు, ఒప్పుకుంటా. కానీ బోనస్ పాట అంటే భోజనం అయ్యాక వడ్డించిన పులిహోర. నలభై నిమిషాల ఆల్బమ్ ముగిశాక దాని స్థానం దానికి రాదు. సెట్టులో క్రమం ఉంది. 1969లో పార్లమెంట్స్ వాసన ఇంకా పోని సోల్, 1970లో ఆంప్ పగిలిపోయేంత ఫజ్ (గిటారు ధ్వనిని గరుకుగా మార్చే పెడల్), 1972 నుంచి హార్న్‌లతో బిగించిన అరేంజిమెంట్లు. వరుసగా వింటే బ్యాండు ఎటు నడిచిందో వినిపిస్తుంది. పైగా దానితో వచ్చిన పుస్తకం బాగుంటుంది, అది స్ట్రీమింగ్‌లో రాదు.

మోనోమనిషి
అసలు తేడా ఎవరూ చెప్పలేదు. డెబ్బైల తొలి రోజుల దాకా అమెరికన్ 45లలో చాలావి మోనో. ఏఎం రేడియోకు, జ్యూక్‌బాక్స్‌కు కట్ చేసినవి. వీళ్ల ఎల్పీలేమో స్టీరియోతో ఆటలాడినవి. 'ఫ్రీ యువర్ మైండ్' టైటిల్ పాటలో గొంతులూ గిటారూ ఒక చెవి నుంచి ఇంకో చెవికి ఈదుతుంటాయి. హెడ్‌ఫోన్లో మజా. అదే ఒక్క స్పీకర్లో పెడితే ముద్ద. 45 కోసం చేసిన మిక్స్‌లో బేస్, స్నేర్, గొంతు మూడూ మధ్యలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి.

అయితే మోనో అని రాసినదల్లా ప్రత్యేకంగా మోనోకి మిక్స్ చేసింది కాదు. స్టీరియో మిక్స్‌లో ఎడమ కుడి కలిపేసి మోనో అన్నవి బోలెడు. ఏది ఏదో ఊహించనక్కర్లేదు, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌తో పదినిమిషాల పని.

మొదటి పరీక్ష, అది నిజంగా మోనోనా అని. సీడీ నుంచి తీసిన వేవ్ లేదా ఫ్లాక్ ఫైలు తెరవండి. ట్రాక్ మెనూలో 'స్ప్లిట్ స్టీరియో టు మోనో'. కింది ట్రాక్ ఒక్కటే ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో 'ఇన్వర్ట్'. రెండూ ఎంచుకుని 'మిక్స్ అండ్ రెండర్'. గీత చదునుగా వస్తే రెండు చానెళ్లూ అచ్చంగా ఒకటే. సన్నని సుయ్యి, చిటపట మాత్రమే మిగిలితే మోనో టేపును లేదా మోనో రికార్డును స్టీరియో యంత్రం మీద ఎక్కించారు. గిటారో ప్రతిధ్వనో మిగిలితే అది స్టీరియో.

రెండో పరీక్ష, అది ప్రత్యేక మిక్సా, కలిపేసిన స్టీరియోనా అని. ఆల్బమ్ పాటను 'మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో' చేయండి. సింగిల్ వెర్షన్ కింది ట్రాక్‌లో పెట్టండి. మొదటి కిక్ డ్రమ్ దెబ్బ దగ్గర బాగా జూమ్ చేసి రెండు గీతలూ శాంపిల్ దాకా కలపండి. శబ్ద స్థాయి కూడా సమానం చేయాలి, అర డెసిబెల్ తేడా ఉన్నా చాలా మిగిలిపోతుంది. ఇప్పుడు ఒకదాన్ని తిరగేసి వినండి. తొలి రెండు మూడు సెకన్లు దాదాపు మాయమైతే అది కలిపేసిందే. గొంతు ఒక్కటే మిగిలిందంటే గొంతు స్థాయి మార్చి కొత్తగా మిక్స్ చేశారన్నమాట.

కొత్తచెవి
మొదటి పరీక్ష చేశాను. మోనో అని రాసి ఉన్న ఫైలే, కానీ 'స' అక్షరం వచ్చిన చోటల్లా, హై-హ్యాట్ దగ్గరా ఏదో బుసకొడుతూ మిగులుతోంది. బేస్, గొంతు మాత్రం పూర్తిగా పోయాయి. రెండో పరీక్షలో మొదట్లో తగ్గి, పది సెకన్లకల్లా పాట మొత్తం తిరిగొచ్చేసింది.

మోనోమనిషి
మొదటిదానికి రెండు కారణాల్లో ఒకటి. ఫైలు ఎంపీ3 అయితే కుదింపులో పై ధ్వనులు రెండు చానెళ్లలో వేర్వేరుగా చెడతాయి, కాబట్టి ముందు సీడీ నుంచే తీసి చూడండి. సీడీదే అయితే అజిమత్ తేడా. టేపు మీద ప్లేబ్యాక్ హెడ్ వెంట్రుకవాసి ఒరిగినా ఒక చానెల్ కాస్త వెనకబడుతుంది. కింది ధ్వనులకు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు, 8 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం తరంగమే పొట్టి కనుక రద్దు కాదు. ఒక చానెల్‌ను ఒకటి రెండు శాంపిళ్లు జరిపి మళ్లీ చూడండి, బుస తగ్గితే అదే రోగం.

రెండోదానిలో తప్పేమీ లేదు. రెండు టేపు యంత్రాలు ఒకే వేగంతో తిరగవు. పదివేలలో ఒక వంతు తేడా ఉన్నా పది సెకన్లకు 1 మిల్లీసెకను, అంటే 44 శాంపిళ్లు జరిగిపోతుంది. అందుకే తొలి సెకన్లే చూడమన్నది. పాట మధ్యలో చూడాలంటే అక్కడ మళ్లీ గీతలు కలుపుకోవాలి. ఎడిటింగ్ జరిగిన చోటు కూడా ఇలాగే పట్టుబడుతుంది. అప్పటిదాకా సరిపోతున్న కొలత ఒక బీట్ దగ్గర రెండో, నాలుగో ఆవర్తనాలు దూకేస్తుంది. అక్కడ కత్తెర పడింది.

సూదిమొన
అసలు 45ల ప్రశ్న నేను అందుకుంటా.

మన హెచ్ఎంవీ తెలుగు సినిమా ఈపీలకు నడిమి చిల్లు చిన్నది, ఎల్పీ లాగే 7.2 మిల్లీమీటర్లు. అమెరికన్ 45కు పెద్ద చిల్లు, అంగుళంన్నర, 38.1 మిల్లీమీటర్లు. మధ్యలో అడాప్టర్ బిళ్ల లేకుండా ఆడదు. ఈపీలు ఆడే ఏ ప్లేయరైనా 45 వేగం ఇస్తుంది కాబట్టి ఆ బెంగ లేదు.

బిళ్ల వదులుగా ఉంటే ఏమవుతుందో లెక్క చూడండి. రికార్డు కేంద్రం 0.5 మిల్లీమీటర్ తప్పిందనుకోండి. పాట మధ్యలో గాడి నుంచి కేంద్రానికి సుమారు 70 మిల్లీమీటర్లు. అంటే వేగం 0.7 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. శ్రుతిలో అటు 12, ఇటు 12 సెంట్లు, ఒక స్వరస్థానానికి 100 సెంట్లు కదా. 45 వేగంలో ఒక చుట్టు 1.33 సెకన్లు, ఆ లయలోనే ఆర్గాన్ సాగదీత ఉయ్యాలూగుతుంది. డ్రమ్స్ మీద తెలియదు, ఆర్గాన్ మీద ఇట్టే దొరికిపోతుంది. లోపలి గాళ్లకు వచ్చేసరికి వ్యాసార్థం తగ్గి ఊగుడు ఇంకా పెరుగుతుంది.

రెండో సంగతి మరీ ముఖ్యం. అప్పటి అమెరికన్ 45లలో చాలావి వినైల్ కావు, పాలీస్టైరిన్. అచ్చులో నొక్కినవి కాదు, అచ్చులోకి ప్లాస్టిక్ చిమ్మించి పోతపోసినవి. గోటితో తడితే వినైల్ మెత్తగా టప్పుమంటుంది, స్టైరిన్ కటకటమని గట్టిగా మోగుతుంది. వంగదు, పగులుతుంది. లేబుల్ కాగితం విడిగా అంటించి ఉంటుంది, తడిస్తే లేచొస్తుంది. దాని మీద అరిగిన సూది పెట్టారా, గాడి గోడ తురుముకుపోయి ఎస్ శబ్దాలన్నీ బుసలవుతాయి. కొనేముందు దీపం కింద వాలుగా పట్టి చూడండి. గాళ్లు మెరుస్తూ ఉండాలి. పాట మొదట్లో బూడిదరంగు పట్టీ కనిపిస్తే డీజేలు వెనక్కీ ముందుకీ తిప్పి వాడిన సరుకు. వదిలేయండి, ఎంత కడిగినా అది పోదు.

సూది బరువు కార్ట్రిడ్జ్ (సూది అమర్చిన ముక్క) వాళ్లు చెప్పిన మధ్యస్థ విలువకే పెట్టండి. తక్కువ బరువు మంచిదనుకుని తగ్గిస్తే సూది గాడిలో ఎగిరెగిరి గోడను కొడుతుంది.

కొత్తచెవి
వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే మోనో కార్ట్రిడ్జ్ కొనాలా?

సూదిమొన
అక్కర్లేదు. స్టీరియో కార్ట్రిడ్జ్‌తోనే, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, గరిష్ఠ స్థాయి -6 డెసిబెల్స్ దాటకుండా రెండు చానెళ్లూ ఎక్కించండి. 45లు ఎల్పీ కంటే గట్టిగా కట్ చేసి ఉంటాయి, ఎల్పీకి పెట్టిన స్థాయి అలాగే వదిలేస్తే క్లిప్ అవుతుంది, అంటే గట్టి శబ్దాలు తెగి చెడతాయి. మోనో సంగీతం సూదిని పక్కలకే ఊపుతుంది. కింద పడ్డ దుమ్ము, మోటారు గరగర పైకీ కిందికీ ఊపుతాయి. ఎడమ కుడి కలిపితే ఆ రెండో రకం చాలావరకు రద్దవుతుంది.

కానీ కలిపేముందు ఒక్కో చానెల్ విడిగా వినండి. చాలా పాత 45లలో ఒక గోడ అరిగి, రెండోది ఆరోగ్యంగా ఉంటుంది. అలాంటప్పుడు కలిపితే మంచిదాన్ని కూడా పాడు చేసుకున్నట్టే. మంచి చానెల్ ఒక్కటే ఉంచుకుని దాన్నే రెండువైపులా పెట్టండి.

ఫజ్‌పెట్టె
ఇన్ని పోస్టులయ్యాయి, హేజెల్ గిటారు మాట ఎవరూ ఎత్తలేదు. 'ఐ వాన్నా నో' ఇన్‌స్ట్రుమెంటల్ వైపు తీసుకోండి. ఫజ్, వా (కాలితో తొక్కుతూ ధ్వనిని తెరిచి మూసే పెడల్), టేప్ ఎకో, ఈ మూడింటి వరుసే అందులో సగం శబ్దం.

ఫజ్ ముందు, వా తర్వాత పెడితే వా తుడుపు వెడల్పుగా, నోరు తెరిచి 'వా' అన్నంత స్పష్టంగా వస్తుంది. వా ముందు పెడితే గరుకుగా, గొంతు నులిమినట్టు వస్తుంది. ఈ రెండో వరుస చేసినవాళ్లందరికీ వచ్చే ఫిర్యాదు ఒకటే, 'వా పనిచేయట్లేదు' అని. పాత రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, వా అవుట్‌పుట్‌ను అది లాగేస్తుంది. వా చివర ఒక బఫర్ (సిగ్నల్ పడిపోకుండా కాపాడే చిన్న సర్క్యూట్) పెడితే సరి. అయితే ఆ బఫర్ వా నొక్కినప్పుడే దారిలోకి రావాలి. ఎప్పుడూ ఉంటే గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు ఫజ్ శుభ్రపడే గుణం పోతుంది.

సొంతంగా కట్టేవాళ్లకు: జెర్మేనియం ఏసీ128 జతతో అయితే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 9 వోల్టుల్లో సగం, 4.5 వోల్టులు ఉండాలి. సర్క్యూట్లో అక్కడ 8.2 కిలో-ఓమ్ రెసిస్టర్ వేసి ఉంటుంది. దాని బదులు 20 కిలో-ఓమ్ ట్రిమ్మర్ పెట్టి మీటర్ చూస్తూ తిప్పండి. జనవరిలో సరిచేసిన పెట్టె మే నెల విజయవాడలో తుప్‌తుప్‌మని తెగిపోతూ మోగుతుంది. వేడికి జెర్మేనియంలో లీకేజి కరెంటు పెరిగి బయాస్ జరిగిపోతుంది. ట్రిమ్మర్‌ను మూత తీయకుండా అందేలా బయటికి పెట్టుకోండి, లేదా సిలికాన్ బీసీ108 వేసుకోండి, అది ఎన్‌పీఎన్ కనుక సర్క్యూట్ ధ్రువాలు తిరగేయాలి. కోఠీలో దొరికే బీసీ547 కూడా పనిచేస్తుంది, కాకపోతే గెయిన్ ఎక్కువ, రేడియో పట్టకుండా మొదటి ట్రాన్సిస్టర్ బేస్-కలెక్టర్ల మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ వేయాలి. ఏసీ128 పీఎన్‌పీ, సర్క్యూట్ పాజిటివ్ గ్రౌండ్. మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్ గొలుసుకు కలిపారో షార్టే. దానికి వేరే బ్యాటరీ పెట్టండి.

తాళంచెవి
గిటారు సరే, నేను డ్రమ్స్ పక్షం. తొలి 45లలో లయ చూడండి, 'మ్యూజిక్ ఫర్ మై మదర్' బురదలో నడిచినట్టు ఈడ్చుకుంటూ పోతుంది. బేస్, డ్రమ్స్ రెండూ బీట్ కంటే కొంచెం వెనక. అదే 1972 నుంచి బూట్సీ, క్యాట్‌ఫిష్ కాలిన్స్ అన్నదమ్ములు జేమ్స్ బ్రౌన్ దగ్గర నేర్చుకున్నది పట్టుకొచ్చారు, అంటే మొదటి దెబ్బ మీద బరువంతా వేయడం. మన భాషలో చెప్పాలంటే సమం మీద అందరూ కలిసి కూర్చోవడం. 'లూస్ బూటీ' పెట్టి చూడండి, మధ్యలో ఎవరు ఎటు పోయినా సమం దగ్గరికి వచ్చి వాలతారు. ఈ మార్పు ఎల్పీలలో కన్నా 45 వరుసలోనే బాగా తెలుస్తుందని బాబాయ్ అన్నమాటతో ఇక్కడ ఏకీభవిస్తున్నా.

'ఎ జాయ్‌ఫుల్ ప్రాసెస్' కూడా వదలకండి. 'జీసస్ లవ్స్ మీ' అన్న చర్చి పిల్లల పాట వరసను బర్నీ వొరెల్ హార్న్‌లకు ఎక్కించాడు. ఆయన జూలియార్డ్‌లోనూ న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలోనూ నేర్చుకున్నవాడు, ఆ చదువు అక్కడ కనిపిస్తుంది.

బి_సైడ్_బాబాయి
పాత వరసలు తిరగేయడం వీళ్లకు అలవాటే. 'కెన్ యూ గెట్ టు దట్' పాత పార్లమెంట్స్ పాట 'వాట్ యూ బీన్ గ్రోయింగ్'కు కొత్త చొక్కా. 'ఐల్ బెట్ యూ'ను జాక్సన్ 5 వాళ్లు 1970లో తమ 'ఏబీసీ' ఆల్బమ్‌లో పాడారు. రెండూ వరుసగా వినండి. మైకేల్ గొంతులో అది పసివాడి పందెం, ఫంకడెలిక్‌లో అప్పులోళ్ల బెదిరింపు.

లూప్‌రాజు
వీటిలోంచి రెండు సెకన్ల గిటారు ముక్క తీసి బీట్ చేసుకోవచ్చా? రెండు సెకన్లకు ఎవరు అడుగుతారు?

మోనోమనిషి
సరిగ్గా ఆ రెండు సెకన్లకే అడిగారు. 1975 ఆల్బమ్‌లోని 'గెట్ ఆఫ్ యువర్ యాస్ అండ్ జామ్' మొదట్లో ఒక గిటారు ఆర్పెజియో ఉంది. ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ '100 మైల్స్ అండ్ రన్నిన్' పాటలో దాని రెండు సెకన్లు తీసి, శ్రుతి తగ్గించి, 16 బీట్లకు లూప్ చేశారు. హక్కులున్న కంపెనీ బ్రిడ్జిపోర్ట్, ఆ పాటను సినిమాలో వాడిన డైమెన్షన్ ఫిలిమ్స్ మీద వేసిన కేసులో అమెరికా ఆరో సర్క్యూట్ కోర్టు 2005లో చెప్పింది, రికార్డింగ్ నుంచి ఎంత చిన్న ముక్క తీసినా లైసెన్స్ ఉండాల్సిందే అని. 2016లో మడోనా 'వోగ్' కేసులో తొమ్మిదో సర్క్యూట్ దీనితో విభేదించింది. కాబట్టి అక్కడ కూడా ఏ కోర్టు పరిధి అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాట రచన హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. ఇద్దరి దగ్గరా అనుమతి కావాలి. గిటారు మీరే వాయించి రికార్డు చేసుకుంటే రెండోది తప్పుతుంది, మొదటిది తప్పదు.

ఫజ్‌పెట్టె
పైన ఇచ్చిన వోల్టేజీలు చూసుకుని నువ్వే వాయించుకో రాజూ.

కొత్తచెవి
సెట్టు ఖాయం. దాంతోపాటు ఒక 45 కూడా ఆర్డర్ పెట్టాను, చూడటానికి స్టైరిన్‌ లాగే ఉంది, గాళ్లు మెరుస్తున్నాయని ఫొటోలో కనిపించింది. ప్లాస్టిక్ బిళ్ల ముందే వచ్చింది, కొలిస్తే 37.7 మిల్లీమీటర్లే ఉంది. ఇంకోటి కొనాలా?

సూదిమొన
వద్దండీ. తేడా 0.4, అంటే కేంద్రం గరిష్ఠంగా 0.2 తప్పుతుంది, ఐదు సెంట్ల ఊగుడు. మామూలు సెల్లో టేపు మందం 0.05 ఉంటుంది, ఒక చుట్టు వేస్తే వ్యాసం 0.1 పెరుగుతుంది. బిళ్ల అంచుకు మూడు చుట్లు చుట్టి చూడండి, బిగుతుగా కాకుండా జారి కూర్చోవాలి. స్టైరిన్ కాబట్టి బలవంతంగా నొక్కితే చిల్లు దగ్గరే పగులుతుంది. పాట అయిపోయాక చివరి గాడిలో సూది తిరుగుతుంటే పైనుంచి టోన్ ఆర్మ్‌ను (సూది ఉన్న కడ్డీని) గమనించండి. 1.33 సెకన్లకోసారి అటూ ఇటూ ఊగితే రికార్డును బిళ్ల మీద పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. నాలుగు స్థానాల్లోనూ అంతే ఊగితే బిళ్లది కాదు, చిల్లే పక్కకు పడిన రికార్డు.